మొదటి పందెం రోజు ఎర్రోడు తిన్న అరిసె

పందెం రోజు గుర్రానికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదని చాలా ఏళ్లు అనుకున్నాను. హైదరాబాద్‌లో పందెపు గుర్రాల లాయాల వెనక రేకుల గదిలో పుట్టాను. మా నాన్న గుర్రాలను సాకే సాయిసు. పెళ్లి చేసిందీ సాయిసుకే. గుర్రానికి కడుపునొప్పి వచ్చే ముందు ఎన్నిసార్లు డొక్క వైపు తిరిగి చూసుకుంటుందో, బడికెళ్లే పిల్లలకు ఎక్కాలు వచ్చినట్టు నాకు వచ్చేది. బడికి మాత్రం నేను వెళ్లలేదు.

ఇది ఇక్కడ అమెరికాలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. మీటింగ్‌లో సగం అర్థం కాలేదు ఆంటీ, అన్నిటికీ తల ఊపి వచ్చేశాం అని మా చెల్లెలి ఇంట్లో కూర్చుని మీరు నవ్వుకుంటుంటే విన్నాను. నేనూ అలాగే ఊపాను. అది ఎంత దూరం పోయిందో చెబుతాను.

మా ఆయన పోయిన తర్వాత, చెల్లెలు ఎప్పుడో పెట్టిన కాగితాలు కదిలి, నలభై ఆరో ఏట అమెరికా వచ్చాను. చెల్లెలు బెంటన్‌విల్‌లో నర్సు. ఆమెతో పనిచేసే ఒక నర్సు భర్త గుర్రాల ట్రైనర్. ఒక ఆదివారం వాళ్ల ఫారానికి భోజనానికి పిలిచారు. అందరూ తింటుంటే నేను లాయం వైపు వెళ్లాను. ఒక ఆడగుర్రం ఎవరినీ కాలు ముట్టుకోనివ్వడం లేదట. నేను దాని మెడ దగ్గర నిలబడి, మా నాన్న అనే మాటలే నాలుగు అని, కాలెత్తి పట్టుకున్నాను. ట్రైనర్ చేతిలో ప్లేటుతోనే వచ్చి చూశాడు. మర్నాడు పనిలోకి రమ్మన్నాడు. నా ఇంటర్వ్యూ అంతే.

అక్కడ ఎనిమిది గుర్రాలు. ఒక్కోదానికి మేత వేరు, మందు వేరు. ట్రైనర్ అన్నీ తెల్లబోర్డు మీద రాసి వెళ్లిపోయేవాడు. నాకు చదవడం రాదని అతనికి తెలియదు. మందుల షాపులో ఒక కళ్లజోడు కొనుక్కున్నాను. దాని పనల్లా నేను మర్చిపోవడానికి ఉండడమే. "కళ్లజోడు తేలేదు, కాస్త చదివిపెట్టు" అని నాతో పనిచేసే మెక్సికో ఆవిడని అడిగేదాన్ని. ఆమె నన్ను కొమాద్రే అని పిలిచేది. వాళ్లలో వదినా అన్నట్టు. ఆమె చదివింది విని, డెక్కలకు పూసే నల్ల నూనెలో కుంచె ముంచి బకెట్ల మీద నా గుర్తులు వేసుకునేదాన్ని. ఒక చుక్క అంటే ఓట్స్. రెండు చుక్కలంటే తడిపిన మేత. గీత మీద చుక్క అంటే మందు కలపాలి. సున్నాలో చుక్క అంటే ఈ రోజు దీనికి ఏమీ పెట్టకూడదు.

ఒకసారి ట్రైనర్ ఆ గుర్తులేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మెక్సికో వదిన, "ఇండియా పూజ, బాస్" అనేసింది. ఆ రోజు నుంచి అతను బకెట్లు కడిగినా ఆ గుర్తులు చెరగకుండా జాగ్రత్తగా కడిగేవాడు. అది చూస్తే నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది.

అలా మూడేళ్లు గడిచాక, రెండువేల ఆరు ప్రాంతంలో, రాష్ట్రం సరిహద్దు దాటి గంటన్నర దూరంలో కొత్త రేస్ కోర్సు కట్టారు. అంతకుముందు మేం ఊళ్లలో తిరునాళ్లలాంటి వాటికి వెళ్లి చిన్న చిన్న మైదానాల్లో పందేలు ఆడి వచ్చేవాళ్లం. ఇది అలా కాదు. కొత్త ఇసుక, కొత్త కంచె, ఇల్లంత టీవీ తెర. అన్ని గుర్రాలకీ కొత్తే కాబట్టి ఏ మలుపులో ఏది బెదురుతుందో ఎవరికీ తెలియదు. మూడు వారాల ముందే మా గుర్రాలను అక్కడి లాయాలకు చేర్చాం. గోడల రంగు ఇంకా వాసన కొడుతూనే ఉంది.

మొదటి రోజు మొదటి పందెంలోనే మా గుర్రం ఒకటి ఉంది. ఎర్ర గుర్రం. నేను ఎర్రోడా అని పిలిచేదాన్ని. వాడి యజమాని ఎనభై దగ్గర పడిన రైతు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే గుర్రం, అది కూడా ఆయన చేతుల మీద పుట్టింది. ఆ కోర్సు కట్టిన నేలలో ఒకప్పుడు ఆయన తండ్రి గొడ్లను మేపేవాడట. "గెలవకపోయినా పర్లేదు. అక్కడ మొదట పరుగెత్తేవాటిలో నా గుర్రం ఉండాలి" అని ట్రైనర్‌ని ఏడాది నుంచి అడుగుతున్నాడు.

ప్రారంభానికి వారం ముందు కోర్సు వాళ్లు ఒక నోటీసు తెచ్చి ప్రతి లాయం గోడకీ అంటించారు. చదివామని పనివాళ్లందరూ సంతకం పెట్టాలి. కాగితం తెచ్చినాయన మర్యాదస్థుడు. "ఏమైనా సందేహాలున్నాయా?" అని నన్ను ప్రత్యేకంగా అడిగాడు కూడా. నేను నవ్వి, తల ఊపి, చెల్లెలు నేర్పినట్టు నా పేరును బొమ్మలా గీసి ఇచ్చాను. ఏముంటుంది అందులో. మందులు వేయకూడదు, పొగ తాగకూడదు. అంతకన్నా నాకు తెలియందేముంది అనుకున్నాను.

మా నాన్నకు ఒక అలవాటుండేది. గుర్రం కొత్త మైదానంలో మొదటిసారి పరుగెత్తే రోజున, తెల్లవారకముందే సాయిసు ఇంటి నుంచి తీసుకెళ్లిన తీపి ముక్క అరచేతిలో పెట్టి తినిపించాలి. నోరు తీపి చేయడం అనేవాళ్లు. బెల్లం ముక్క చాలు. చెల్లెలికి ఫోన్ చేసి, ప్రారంభం చూడ్డానికి వచ్చేటప్పుడు కాస్త బెల్లం తెమ్మన్నాను.

ముందురోజు సాయంత్రం చెల్లెలు, దాని కూతురు కారులో వచ్చారు. చెల్లెలు చేతికి డబ్బా ఇచ్చింది.

"గుర్రానికి బెల్లం, అక్కకి ఏమీ లేదా అనిపించింది. అరిసెలు చేశాను. అందులోనూ బెల్లమే కదా, వాడికీ ఒకటి పెట్టు. నువ్వులు అయిపోతే గసగసాలు అద్దాను, ఏమనుకోకు."

"మన ఎర్రోడికి నువ్వుల పట్టింపు లేదులే" అన్నాను.

మర్నాడు పొద్దున అయిదున్నరకు సగం అరిసె విరిచి అరచేతిలో పెట్టాను. తిని, చెయ్యి నాకి, ఇంకా ఉందా అన్నట్టు నా జేబు దగ్గర మూతి పెట్టాడు. మిగతా సగం నేను తిన్నాను. బకెట్ మీద సున్నాలో చుక్క వేసి పక్కన పెట్టాను, ఇక పందెం అయ్యేదాకా వాడికేమీ పెట్టకూడదని. నాకు అన్నీ తెలుసు కదా.

పది గంటలకు చెల్లెలి కూతురు నన్ను చూడ్డానికి పాస్ తీసుకుని లాయంలోకి వచ్చింది. పదహారేళ్ల పిల్ల. కనిపించిన అక్షరమల్లా పైకి చదవడం దానికి అలవాటు. గోడ దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, ఇది ఫన్నీగా ఉంది. కాఫీ వద్దంట, చాక్లెట్ వద్దంట. హార్స్ కాఫీ తాగుతుందా?"

"వాళ్లకి అనుభవం అయ్యుంటుంది, అందుకే రాశారు."

"పాపీ సీడ్ మఫిన్లు, బ్రెడ్ కూడా నో. హార్స్‌కి పెట్టొద్దు, ఇక్కడికి తేవొద్దు. టెస్ట్‌లో మార్ఫిన్ అని, మత్తుమందు అని వస్తదంట." వేలు కాగితం మీదే ఉంచి నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, పాపీ సీడ్స్ అంటే అమ్మ అరిసెల మీద వేసినవే కదా. నేనే స్టోర్‌లో తెచ్చాను."

నా చేతిలో దువ్వెన ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు.

"ఇంకోసారి చదువు" అన్నాను.

చదివింది. అవే మాటలు.

"నువ్వు ఇది రీడ్ చేయలేదా?"

"కళ్లజోడు మర్చిపోయాను."

"అది నీ తల మీదే ఉంది, పెద్దమ్మా."

దాన్ని వాళ్లమ్మ దగ్గరికి పంపేసి మెక్సికో వదినని పక్కకి లాక్కెళ్లాను. జరిగింది వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆమె ముందు నా వైపు, తర్వాత ఎర్రోడి వైపు చూసింది.

"ఎంత పెట్టావు?"

"సగం."

"అంత పెద్ద గుర్రానికి సగం అంటే ఎంత. ఎవరికీ చెప్పకు."

"టెస్ట్ చేస్తారుగా."

"గెలిచినవాడికి చేస్తారు. ఇంకొకడిని చీటీ తీసి పట్టుకుంటారు. నీవాడు గెలవకపోతే చాలు. ఒకవేళ పట్టుకున్నా, నువ్వు ఈల వేయకు."

ఆ మాట వెనక కథ ఉంది. పందెం తర్వాత గుర్రానికి మూత్రం పట్టాలంటే సాయిసు పక్కన నిలబడి మెల్లగా ఈల వేస్తాడు. కొందరు గంటసేపు వేసినా చుక్క రాదు. నా ఈలకు మాత్రం రెండు నిమిషాల్లో పని అయ్యేది. చుట్టుపక్కల లాయాల వాళ్లు నన్ను అరువడిగి తీసుకెళ్లేవాళ్లు. నాకున్న పేరల్లా అదే.

ఆ మూడు గంటలు నేను ఎలా ఉన్నానో చెప్పలేను. గుర్రం ఏం తిన్నా ట్రైనరే బాధ్యుడు, అది అందరికీ తెలుసు. టెస్ట్‌లో దొరికితే అతని లైసెన్స్ పోతుంది, లాయం మూతపడుతుంది, వదినతో సహా అందరి పనీ పోతుంది. చెబితే నా పని పోతుంది, ముసలాయన గుర్రం పందెం నుంచి తప్పుకుంటుంది. నోరు మూసుకుని, వాడు ఓడిపోవాలని మొక్కుకుంటే ఎవరికీ ఏమీ కాదు. జీవితంలో మొదటిసారి నా గుర్రం ఓడిపోవాలని మొక్కుకున్నాను. వాడేమో ఆ రోజున్నంత మెరుపుతో ఎప్పుడూ లేడు. నీళ్లు పోసి తుడిస్తే రాగిచెంబులా ఉన్నాడు.

పన్నెండింటికి ముసలాయన వచ్చాడు. నీలం కోటు, కొత్త టోపీ. వాడి ముక్కు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. వెళ్తూ నాతో, "బాగా తయారు చేశావమ్మా" అన్నాడు. నేను తల ఊపాను. ఎప్పుడూ పాట పాడని ట్రైనర్ ఆ రోజు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అతను వచ్చి పగ్గం నా చేతికిచ్చాడు.

"ఇవాళ నువ్వే నడిపించు. మొదటి పందెం, నీ గుర్రం."

మైకులో మొదటి పందెం గుర్రాలను పిలిచారు. లాయం నుంచి జీను కట్టే చోటుకు రెండు వందల అడుగులు ఉంటుంది. అవతల స్కూలు పిల్లల బ్యాండు మోగుతోంది. కంచె పొడుగునా జనం. ముందు మూడు గుర్రాలు నడుస్తున్నాయి, వెనక నాలుగు వస్తున్నాయి. చెబుదామని ఒక అడుగు, వద్దని ఒక అడుగు వేస్తున్నాను. సగం దారిలో ఎర్రోడు ఆగి, మూతి కిందికి వంచి నా అరచెయ్యి నాకాడు. చెయ్యి ఎన్నిసార్లు కడిగానో, అయినా వాడికి బెల్లం వాసన తగులుతూనే ఉంది. కడిగితే పోలేదన్న సంగతి వాడే చెప్పినట్టనిపించింది.

పగ్గం తిప్పి వాణ్ని వెనక్కి మళ్లించాను. వెనక వచ్చేవాళ్లు తిట్టుకుంటూ పక్కకు తప్పుకున్నారు. ట్రైనర్ పరుగెత్తుకొచ్చాడు.

"కాలా? ఏ కాలు?"

"కాలు కాదు, బాస్. నోరు."

చెప్పాను. పొద్దున మా ఇంటి తీపి పెట్టానని, దాని మీద ఆ గింజలున్నాయని. అతని ముఖం ఎర్రగా కంది, మళ్లీ పాలిపోయింది.

"గోడ మీద కాగితం ఉంది. సంతకం పెట్టావు. చదవలేదా?"

"నాకు చదవడం రాదు."

"ఇంగ్లిషా?"

"ఏదీ రాదు."

అరుస్తాడనుకున్నాను. అతను టోపీ తీసి, లోపలికి ఒకసారి చూసి, మళ్లీ పెట్టుకుని అధికారుల గదివైపు నడిచాడు. కాసేపటికి మైకులో నాలుగో నంబరు గుర్రం పందెం నుంచి తప్పుకుందని చెప్పారు. జనం ఒక్కసారి ఊ అని, వెంటనే వాళ్ల మాటల్లో పడిపోయారు. మేం తప్ప దాని గురించి ఎవరూ రెండోసారి అనుకొని ఉండరు.

ఎర్రోణ్ని గదిలో కట్టి పక్కనే నిలబడ్డాను. గేట్లు తెరుచుకున్న చప్పుడు, డెక్కల చప్పుడు, జనం అరుపు అన్నీ వినబడుతున్నాయి. వాడు చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్లంతా వణుకుతూ గోడను తన్నుతున్నాడు. వాణ్ని ఊరుకోబెట్టే మాట మా నాన్న నాకు నేర్పలేదు.

తర్వాత ముసలాయన వచ్చాడు. కోపంగా లేడు, అది ఇంకా కష్టం.

"ఏం తిన్నాడు?"

డబ్బా తెరిచి చూపించాను. ఒక అరిసె తీసుకుని, వాసన చూసి, కొరికాడు. పళ్లు సరిగా లేవేమో, చాలాసేపు నమిలాడు.

"బాగుంది" అన్నాడు. "అదే బాధ." మిగతాది రుమాలులో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. "వాడు మళ్లీ పరుగెడతాడు. మొదటి పందెం మళ్లీ రాదు."

అధికారులు వచ్చి, పరుగెత్తకపోయినా మూత్రం పట్టాలన్నారు. నేను పక్కన నిలబడి ఈల వేశాను. మెక్సికో వదిన గడ్డి మోపు వెనక నుంచి నన్ను కాల్చేసేలా చూసింది. ఒకటిన్నర నిమిషంలో సీసా నిండింది.

ఫలితం వచ్చేదాకా పది రోజులు. చెల్లెలు రోజూ ఫోన్ చేసి, "నువ్వులు కొనుక్కొచ్చుంటే ఇంత జరిగేది కాదక్కా" అని ఏడ్చేది. నేను దాన్ని ఊరుకోబెట్టేదాన్ని, నన్ను ఎవరూ ఊరుకోబెట్టేవాళ్లు లేరు. చివరికి మార్ఫిన్ కనబడిందని తేలింది. సగం అరిసెకే. ముందుగా చెప్పి తప్పించారు కాబట్టి ట్రైనర్‌ని హెచ్చరించి వదిలేశారు. నా బ్యాడ్జి, అంటే లాయంలోకి రానిచ్చే కార్డు, నెల రోజులు తీసేసుకున్నారు.

బ్యాడ్జి ఇచ్చేసి వస్తుంటే ట్రైనర్ బకెట్ల ముందు నిలబడి ఉన్నాడు.

"చదవడం రాకుండా మూడేళ్లు మేత ఎలా పెట్టావు?"

గుర్తులు చూపించాను. ఇది ఓట్స్, ఇది తడిపిన మేత, ఇది మందు. ఒక్కొక్కటీ మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. సున్నాలో చుక్క దగ్గర ఆగాడు.

"పూజ అనుకున్నాను. వీటికి నేను టోపీ కూడా తీశాను, తెలుసా?"

నెల తర్వాత నా పనిలోకి నేనే రావాలని, నా బదులు ఇంకెవరినీ పెట్టడం లేదని చెప్పాడు. నా పని పోలేదని అప్పుడు తెలిసింది.

ఆ నెల రోజులూ చర్చి కింద గదిలో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చదవడం నేర్పే క్లాసుకు వెళ్లాను. మొదటి సాయంత్రం వెనక బెంచీలో మెక్సికో వదిన కూర్చుని ఉంది. మూడేళ్లు నాకు బోర్డు చదివిపెట్టిన మనిషి. "నాకు అంకెలు వచ్చు. మిగతాది ఊహించేదాన్ని" అంది తాపీగా. మా ఎనిమిది గుర్రాలు ఎలా బతికాయో తలచుకుంటే ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత, బెంటన్‌విల్‌లో ఎవరి గ్యారేజీలోనో ఆదివారాలు పిల్లలకు నేర్పే చోట, ఆరేళ్ల వాళ్ల పక్కన కూర్చుని దిద్దాను. వాళ్లు నా తప్పులు దిద్దేటప్పుడు ఏమాత్రం దయ చూపించేవాళ్లు కాదు.

తిరిగి పనిలో చేరిన రోజు మొదట గోడ దగ్గరికి వెళ్లాను. నోటీసును వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అర్ధగంట పట్టింది. చివర్న ట్రైనర్ చేతిరాతతో ఒక వాక్యం కలిపాడు. అదీ చదివాను. "చదవడం రానివాళ్లు నా దగ్గరకు రండి. సిగ్గుపడకండి."

అతను వస్తే చూపించాను.

"బాస్, ఇది ఎవరు చదవాలి?"

నా వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. నల్ల నూనె డబ్బా, కుంచె తెచ్చుకుని ఆ వాక్యం పక్కన పెద్ద సున్నా గీసి మధ్యలో చుక్క పెట్టాడు. కొత్తగా ఎవరు పనిలో చేరినా వాళ్లను అక్కడికి తీసుకెళ్లి, నోటీసంతా పైకి చదివి వినిపించే పని నాకప్పగించాడు. చదివాక అర్థమైందా అని నేను అడగను. తల ఊపుతారు. ఇందులో ఏమేం పెట్టకూడదో నువ్వు నాకు చెప్పు అంటాను. మీ పైవాళ్లు మిమ్మల్ని అలా అడగకపోతే, మీకేం అర్థమైందో మీరే వాళ్లకు తిరిగి చెప్పండి.

నేను తిరిగి చేరిన మూడు వారాలకు ఎర్రోడు పరుగెత్తి అయిదోవాడుగా వచ్చాడు. ముసలాయన కంచె దగ్గర నిలబడి చూశాడు. అదే నీలం కోటు.

నేను పని మానేసి ఇప్పటికి కొన్నేళ్లయింది. పందెం రోజున ఆ లాయంలో పరుగెత్తే గుర్రం గది తలుపు మీద ఇప్పటికీ సున్నాలో చుక్క వేస్తారని వదిన ఫోన్‌లో చెప్పింది. కొత్తవాళ్లు ఇదేమిటని అడిగితే ట్రైనర్ ఏమంటాడని అడిగాను.

"ఇండియా పూజ అంటాడు. చెరిపితే ఊరుకోడు."

పూజ అన్నా పర్లేదు కానీ, కొత్తవాళ్లకు దాని అర్థం కూడా చెప్పమన్నానని ట్రైనర్‌తో అనమన్నాను.